కొత్త కారుకు మన చలికాలం: పెయింట్ మీద గీత పడకుండా కడిగే పద్ధతి

దసరాకో దీపావళికో కారు ఇంటికొస్తుంది. ఆ వెనకే చలికాలం వస్తుంది. మా అనంతపురంలో ఈ నెలల్లో ఏ వీధిలోకి వెళ్లినా పొద్దున ఆరున్నరకు ఒకటే దృశ్యం. కారు టాప్ మీదా బానెట్ మీదా మంచు సన్నటి చుక్కలుగా పరుచుకుని ఉంటుంది, దాని కింద నిన్నటి దుమ్ము. ఇంటాయన ఓ పాత బనియన్ తెచ్చి ఆ తడి మీదే గబగబా తుడిచేస్తాడు. రెండు నిమిషాల్లో కారు తళతళలాడుతుంది.

మొదటి కారుకు నేనూ సరిగ్గా ఇదే చేశాను. ముదురు నీలం రంగు కారు. నవంబరు నుంచి సంక్రాంతి దాకా ఒక్క రోజు కూడా మానకుండా తుడిచాను. జనవరిలో ఒక రాత్రి పెట్రోలు బంకులో ఆగాను. పైనున్న లైటు వెలుగు బానెట్ మీద పడింది. ఆ వెలుగు చుట్టూ సాలెగూడు అల్లినట్టు వేల గీతలు కనిపించాయి. మూడు నెలల కారు. ఇంటికొచ్చాక కూడా టార్చి వేసుకుని చూస్తూ కూర్చున్నాను. ఎవరో గీకిన గీతలైతే కోపం వచ్చేది. నా చేత్తో నేనే రోజూ రుద్ది పెట్టినవి కాబట్టి చాలా బాధేసింది.

ఇప్పుడున్న కారుకు ఇది నాలుగో చలికాలం. అదే బంకులో, అదే లైటు కింద చూసుకుంటే బానెట్ శుభ్రంగా ఉంది. దీనికి నేను పెద్దగా ఖర్చు పెట్టలేదు. ముందు నీళ్లు, తర్వాతే గుడ్డ. ఈ ఒక్క వరస తప్పకుండా పాటించాను. అది ఎలాగో మొదటి నుంచి చెబుతాను.

గీత ఎక్కడ పడుతోంది

కారు రేకు మీద రంగు ఒకే పొరగా ఉండదు. తుప్పు పట్టకుండా అడుగున ఒక పొర, దాని మీద ప్రైమర్, ఆపైన మనం ఇష్టపడి ఎంచుకున్న రంగు, అన్నిటికన్నా పైన గాజులా కనిపించే క్లియర్ కోట్. మెరుపంతా ఈ చివరి పొరదే. సాధారణంగా దాని మందం 40 మైక్రాన్ల చుట్టూ ఉంటుంది. మన తల వెంట్రుక 70 మైక్రాన్ల దాకా ఉంటుంది కాబట్టి, ఇంచుమించు సగం వెంట్రుక మందం అనుకోండి. పాలిష్ చేయించిన ప్రతిసారీ ఇందులోంచే కొంత అరిగిపోతుంది. అరిగింది మళ్లీ పెరగదు. గీతలు పడ్డాక పాలిష్ చేయించుకోవచ్చులే అనే ధీమా పనికిరాదు.

ఇక దుమ్ము. అనంతపురం ఎర్రమట్టి గ్రానైటు జాతి రాళ్లు శిథిలమై వచ్చింది. అందులో కంటికి ఆనని క్వార్ట్జ్ ఇసుక ఉంటుంది, అది క్లియర్ కోట్ కన్నా చాలా గట్టిది. మా వీధిలో కార్లు తుడిచే అబ్బాయి మొదట్లో నా మాట నమ్మలేదు. "మంచుకు దుమ్ము నానింటాదన్నా, గుడ్డకు బాగా వస్తాది" అన్నాడు. ఆ అబ్బాయి చేతిలోని గుడ్డనే తెల్ల పళ్లెంలో నీళ్లు పోసి పిండాను. కాసేపు ఆగి పైనీళ్లు మెల్లగా ఒంపేశాం. అడుగున చిటికెడు ఎర్ర ఇసుక మిగిలింది. వేలితో రాస్తే కరకరమంది. "దీంతోనే రుద్దుతున్నాం తమ్ముడూ" అన్నాను. ఆ అబ్బాయి కూడా వేలు పెట్టి చూసి ఇంకేం మాట్లాడలేదు. ఇప్పుడు తాను తుడిచే కార్లన్నిటికీ ముందు నీళ్లు పోస్తున్నాడు.

చలికాలంలో ఇది ఎందుకు ఎక్కువంటే, ఆకాశం తేటగా ఉన్న రాత్రి కారు రేకు చుట్టూ ఉన్న గాలికన్నా త్వరగా చల్లబడుతుంది. గాలిలోని తేమ దాని మీద చుక్కలు కడుతుంది. ఆ తడికి దుమ్ము అతుక్కుంటుంది, పగలు ఎండకు ఆరి పొరకడుతుంది, మర్నాడు దానిమీద ఇంకో పొర. వానాకాలంలోనైతే ఒక జల్లు వచ్చి కడిగేస్తుంది. తుపాను వానలు తగ్గాక, డిసెంబరు చివర నుంచి మన దగ్గర ఆ అవకాశం కూడా ఉండదు.

వీడియోల్లో చలికాలం కారు వాష్ అని చూపించేవి చాలావరకు చలిదేశాలవి. అక్కడ రోడ్డు మీద గడ్డకట్టిన మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు కారు అడుగున చేరి తుప్పు పట్టిస్తుంది కాబట్టి వాళ్లు అడుగుభాగాన్ని పదేపదే కడుగుతారు. మనకు ఆ గొడవ లేదు. మన టెన్షన్ అంతా దుమ్ము, మంచు, బోరు నీళ్ల గురించే.

షోరూమ్‌లోనే మొదలుపెట్టండి

కారు తీసుకునే ముందు రోజు షోరూమ్‌కి ఫోన్ చేసి, "డెలివరీకి ముందు మా కారును తుడవొద్దు, కడగొద్దు, దుమ్ముతోనే ఇవ్వండి" అని చెప్పండి. వినడానికి వింతగా ఉంటుంది గానీ, యార్డులో పది కార్లకు ఒకే బకెట్, ఒకే గుడ్డ తిరుగుతుంది. కొత్త కారు మీద మొదటి గీతలు చాలాసార్లు అక్కడే పడతాయి.

తర్వాత పూజ. కసాపురం, గండి లాంటి ఆంజనేయస్వామి గుళ్లకు వెళ్లినా, ఇంటి ముందే చేయించినా నాలుగు విషయాలు చూసుకోండి. పూలదండ తీగతో కట్టిందా దారంతో కట్టిందా అడగండి. తీగ కొస బయటికి పొడుచుకొచ్చిన దండను బానెట్ మీద వేసి గుడి నుంచి ఇంటిదాకా నడిపితే, గాలికి ఊగి అది గీసిన గీత పాలిష్‌కు కూడా పోదు. నూనె కలిపిన సింధూరాన్ని, పసుపు కుంకుమల్ని రంగు మీద కాకుండా అద్దం మీద పెట్టించండి. పూజారిగారికి ముందే చెబితే ఎవరూ కాదనరు. కొబ్బరికాయ కారుకు నాలుగడుగుల దూరంలో కొట్టండి. ఆ సాయంత్రమే, ఇంకా చీకటి పడకముందే, పసుపు కుంకుమలు పడిన చోట నీళ్లు పోసి కడిగేయండి. లేత రంగు కారు మీద కుంకుమ రాత్రంతా మంచుకు నానితే ఎర్రటి చారలు దిగుతాయి. పసుపు మరక కొద్దిగా మిగిలినా కంగారు వద్దు, నాలుగు రోజుల ఎండకు అదే వెలిసిపోతుంది.

సామాను

రెండు బకెట్లు కావాలి, ఒక్కోటి పదిహేను లీటర్లది అయితే చాలు. ఒక దాంట్లో షాంపూ నీళ్లు, ఇంకో దాంట్లో ఉత్త నీళ్లు. ఉత్త నీళ్ల బకెట్ అడుగున కూరగాయలు కడిగే ప్లాస్టిక్ జల్లెడ బుట్ట బోర్లించండి. గ్లవ్ జాడించినప్పుడు ఇసుక ఆ రంధ్రాల్లోంచి కిందికి దిగిపోయి మళ్లీ పైకి లేవదు. దీనికోసం బజారులో ప్రత్యేకమైన జాలీలు అమ్ముతారు గానీ, నాకు ఈ బుట్టే సరిపోయింది.

చేతికి తొడుక్కునే మైక్రోఫైబర్ గ్లవ్ ఒకటి. స్పాంజి వద్దు. స్పాంజికి ముఖం చదునుగా ఉంటుంది, ఇసుక రేణువు దానికీ రంగుకూ మధ్య ఇరుక్కుని కారంతా తిరుగుతుంది. గ్లవ్‌కి పొడుగాటి పోగులుంటాయి, రేణువు వాటి లోపలికి దూరిపోతుంది. ఆరబెట్టడానికి దుప్పటంత మందంగా ఉండే పెద్ద మైక్రోఫైబర్ టవల్ ఒకటి, చిన్న గుడ్డలు నాలుగు. చక్రాలకు విడిగా పాత బకెట్, పాత బ్రష్షు. చక్రాల గుడ్డకు ముడి వేసి గుర్తు పెట్టుకోండి, అది పొరపాటున కూడా బానెట్ దగ్గరికి రాకూడదు.

షాంపూ కార్లదే కొనండి, సీసా మీద పీహెచ్ న్యూట్రల్ అని ఉంటుంది, అంటే ఆమ్లమూ కాదు, క్షారమూ కాదు. బట్టల సబ్బుపొడిలో సోడా ఉంటుంది, రంగుకు రక్షణగా పూసే మైనం పూతను, అంటే వ్యాక్స్‌ను, అది ఊడ్చేస్తుంది. సరిగ్గా కరగని పలుకులు మళ్లీ ఇసుకలాగే గీరుతాయి. గిన్నెలు తోమే లిక్విడ్ జిడ్డు వదిలించడానికే తయారైంది కాబట్టి అదీ వ్యాక్స్‌ను ఉంచదు. తలకు రాసుకునే షాంపూ ప్యాకెట్లు వాడేవాళ్లు చాలామంది ఉన్నారు. సబ్బుపొడికన్నా నయమే, ఊరికెళ్లినప్పుడు ఏమీ దొరక్కపోతే ఒకసారికి పర్వాలేదు, అలవాటు చేసుకోవద్దు.

దుమ్ము దులిపే బ్రష్షులు, కుచ్చుల డస్టర్లు సిగ్నళ్ల దగ్గర అమ్ముతుంటారు. అవి కారులో పెట్టుకోకండి. ఉంటే వాడాలనిపిస్తుంది.

ఎప్పుడు కడగాలి, ఏ నీళ్లతో

చలికాలం కదా అని మధ్యాహ్నం ఎండలో కడగొద్దు. డిసెంబరులో కూడా మన దగ్గర పగలు ముప్పై డిగ్రీల దాకా వెళ్తుంది, ఎండలో నిలబెట్టిన బానెట్ మీద చెయ్యి ఆనించి ఉంచలేం. షాంపూ నీళ్లు కడిగేలోపే ఆరిపోయి మచ్చలు పడతాయి. సాయంత్రం కడిగితే ఇంకో చిక్కు. డోర్ల సందుల్లో, అద్దాల రబ్బర్ల కింద తడి ఆరకముందే మళ్లీ మంచు మొదలవుతుంది, ఆ తడికి రాత్రి దుమ్ము పడుతుంది. పొద్దున ఏడున్నర, తొమ్మిది మధ్య, ఎండ తగలని వైపు కారు నిలిపి, ఇంజను చల్లగా ఉన్నప్పుడు కడగడం మేలు. రాత్రి మంచుకు దుమ్ము కాస్త మెత్తబడి ఉంటుంది, నీళ్లు పోస్తే సులువుగా జారుతుంది. ఆ అబ్బాయి చెప్పిన మాటలో నిజం ఇదే: నానిన దుమ్ము త్వరగా వదులుతుంది, కాకపోతే దాన్ని గుడ్డతో లాగకుండా నీళ్లతో దింపాలి.

ఇక నీళ్ల సంగతి. నా దృష్టిలో మన రాయలసీమలో కారుకు దుమ్ము తర్వాత పెద్ద శత్రువు బోరు నీళ్లే. ఉప్పునీళ్లని మనం అనేవాటిలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. చుక్క ఆరిపోతే నీరు పోతుంది గానీ అవి పోవు, తెల్లటి వలయంగా మిగులుతాయి. స్నానాల గదిలో కొళాయి చుట్టూ పేరుకునే గార ఇదే. ముదురు రంగు కారు మీద అది చుక్కల చీరలా కనిపిస్తుంది. నెలల తరబడి వదిలేస్తే క్లియర్ కోట్‌లోకి దిగి, పాలిష్ చేస్తే తప్ప రాదు.

నీళ్లలో కరిగిన లవణాలు లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో చూపించే, పెన్నులా ఉండే టీడీఎస్ మీటర్ ఒకటి కొని కొలిచాను. మా బోరు నీళ్లు 900 దాటాయి, మున్సిపాలిటీ కొళాయి నీళ్లు 300 దగ్గర ఉన్నాయి, ఇరవై లీటర్ల క్యాన్ నీళ్లు 50 లోపే చూపించాయి. అప్పటి నుంచి ఒక లెక్క పెట్టుకున్నాను: మొదట మట్టి దింపడానికి బోరు నీళ్లు, షాంపూకు కొళాయి నీళ్లు, చివరగా కారంతటి మీదా జారవిడవడానికి ఒక క్యాన్. కర్నూలులో తుంగభద్ర నీళ్లు కొళాయిలో వచ్చే ఇళ్లవాళ్లు అన్నిటికీ అవే వాడుకోవచ్చు, కాకపోతే ఆరబెట్టడం మానొద్దు.

ఇక్కడ చాలామంది మంచి మనసుతో చేసే పొరపాటు ఒకటుంది. ఆర్‌వో ఫిల్టర్ నుంచి వృథాగా పోయే నీళ్లను బకెట్‌లో పట్టి కారు కడుగుతారు. నీళ్లు పారబోయకూడదన్న ఆలోచన గొప్పదే. కానీ ఫిల్టర్ ఆపేసిన లవణాలన్నీ ఆ నీళ్లలోనే చేరతాయి, అవి ఫిల్టర్‌లోకి వెళ్లిన నీళ్లకన్నా ఉప్పగా ఉంటాయి. వాటిని టైర్లకు, చక్రాల గూళ్లకు, వాకిలి కడగడానికి వాడండి. రంగు మీద పోయకండి.

పైపు వదిలేసి కడగడం మన ఊళ్లలో తగని పని. నీటి కరువు అంటే ఏమిటో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. రెండు బకెట్లు, ఒక క్యాన్, మొదట పోయడానికి ఓ పాతిక లీటర్లు, మొత్తం డెబ్బై ఎనభై లీటర్లలో కారు శుభ్రంగా అవుతుంది. చిన్న ప్రెషర్ వాషర్ ఉంటే ఇంకా తగ్గుతుంది. దాని మూతిని మాత్రం రంగుకు అడుగు దూరంలో ఉంచండి. స్టిక్కర్లు, రబ్బర్ల అంచుల మీద నేరుగా కొట్టకండి.

కడగడం

ముందు చక్రాలు. అన్నిటికన్నా మురికి అక్కడే ఉంటుంది. కారంతా కడిగి చివర్లో చక్రాలు తోమితే ఆ మురికి మళ్లీ డోర్ల మీద చిందుతుంది. చక్రాల గూళ్లలోకి చెయ్యి పెట్టి మట్టి తీయండి. నంద్యాల, కోవెలకుంట్ల, జమ్మలమడుగు వైపు పొలాల్లోకి వెళ్లొచ్చారంటే నల్లరేగడి గడ్డకట్టి ఉంటుంది, అది గీకితే రాదు. నీళ్లు చల్లి పది నిమిషాలు నానబెడితే ఉబ్బి అదే ఊడిపడుతుంది.

ఇప్పుడు కారు టాప్ మీద నీళ్లు పోయండి. పైపు ఉంటే పైపుతో, లేకపోతే మగ్గుతో. పై నుంచి కిందికి, తొందర లేకుండా. మొదటి విడత నీళ్లు ఎర్రగా జారతాయి. రెండో విడతకు రంగు తగ్గుతుంది. జారే నీళ్లు తేటగా కనిపించేదాకా పోస్తూనే ఉండండి. చెయ్యి మాత్రం తగిలించొద్దు. ఒక చోట మట్టి వదలడం లేదని వేలితో గీకబుద్ధేస్తుంది. ఆగండి. ఇంకో మగ్గు పోయండి. ఈ పనంతటిలో అసలైన రక్షణ ఈ ఐదు నిమిషాలే. ఇది సరిగ్గా జరిగితే ఆ తర్వాత చిన్న చిన్న లోపాలున్నా పెద్ద నష్టం ఉండదు. ఇది వదిలేస్తే ఎంత ఖరీదైన షాంపూ అయినా దండగే.

షాంపూను సీసా మీద రాసిన కొలత ప్రకారం బకెట్‌లో వేసి, నురగ వచ్చేలా నీళ్లు పైనుంచి ధారగా పోయండి. నురగ ఎక్కువుంటే శుభ్రం ఎక్కువని కాదు. గ్లవ్ జారడానికి ఆ నురగ నూనెలా పనిచేస్తుంది. గ్లవ్‌ను ముంచి, టాప్ దగ్గర మొదలుపెట్టండి. గుండ్రంగా తిప్పకుండా, ముందు నుంచి వెనక్కి తిన్నగా లాగండి. నొక్కొద్దు. గ్లవ్ బరువు చాలు, నిద్రపోతున్న పాప వీపు మీద చెయ్యి వేసినట్టు ఉండాలి.

టాప్ సగం అయ్యాక గ్లవ్‌ను ఉత్త నీళ్ల బకెట్‌లో ముంచి, బోర్లించిన బుట్ట మీద నాలుగుసార్లు రాయండి. పిండండి. మళ్లీ షాంపూలో ముంచండి. ఈ జాడింపు మానొద్దు. టాప్ తర్వాత అద్దాలు, బానెట్, డిక్కీ, డోర్ల పై సగం. డోర్ల కింది సగం, బంపర్లు ఎప్పుడూ చివరికే. టైరు విసిరే ఇసుకంతా అక్కడే పేరుకుంటుంది. పని మధ్యలో ఉత్త నీళ్ల బకెట్‌లోకి తొంగి చూడండి, బుట్ట కింద చేరిన ఎర్రటి మడ్డిని చూస్తే ఒకే బకెట్‌తో కడిగినప్పుడు అదంతా ఎక్కడికి వెళ్లి ఉంటుందో అర్థమవుతుంది.

గ్లవ్ చెయ్యి జారి నేల మీద పడిందా, ఆ రోజుకు దాన్ని పక్కన పెట్టేయండి. దులిపి వాడొద్దు. ఇంకో గ్లవ్ లేకపోతే శుభ్రమైన మైక్రోఫైబర్ గుడ్డతో మిగతాది పూర్తి చేయండి.

కారంతా ఒకేసారి సబ్బు పట్టించి వదిలేయకుండా, ఒక్కో వైపు అవగానే నీళ్లు పోయండి. అంతా అయ్యాక క్యాన్ నీళ్లను టాప్ మీద నుంచి మగ్గుతో మెల్లగా, ఎత్తు నుంచి చిలకరించకుండా, రేకుకు దగ్గరగా జారవిడవండి. అలా జారే నీరు దుప్పటిలా చుక్కల్ని తనతో తీసుకుపోతుంది. తుడవాల్సింది సగం తగ్గిపోతుంది.

పెద్ద టవల్‌ను విప్పి బానెట్ మీద పరవండి, రెండు కొసలు పట్టుకుని మీవైపు మెల్లగా లాగండి. డోర్ల మీద అద్దండి. డోర్లన్నీ తెరిచి అంచుల్లో, డిక్కీ మూత చుట్టూ, పెట్రోలు మూత లోపల చిన్న గుడ్డతో తడి తీసేయండి. సైడ్ మిర్రర్ల తొడుగుల్లోంచి కాసేపటికి నీళ్లు కారి డోరు మీద చార కడతాయి. నేను ఇంటి చుట్టూ ఒక రౌండు నడిపి వచ్చి, ఆ చారలు చివర్లో ఒకసారి తుడుస్తాను.

పది పదిహేను రోజులకోసారి ఇలా కడిగితే చాలు. మధ్యలో దుమ్ము కనిపిస్తే కనిపించనీయండి. ఊరికే కూర్చున్న దుమ్ము రంగును ఏమీ చేయదు. పొద్దున ఆఫీసుకు బయల్దేరేటప్పుడు ముందు అద్దం మీద రెండు మగ్గులు నీళ్లు పోసి, అప్పుడు వైపర్ వేయండి. పొడి దుమ్ము మీద వైపర్ వేస్తే గాజు మీద కూడా విల్లులా గీత పడుతుంది.

పదిహేను రోజులు ఆగకూడనివి

పక్షి రెట్ట. వేపచెట్టు కింద నీడ బాగుంటుంది, కాకులూ గోరింకలూ కూడా అక్కడే ఉంటాయి. రెట్టకు ఆమ్లగుణం ఉంటుంది. పగలు ఎండకు రంగు పొర వ్యాకోచిస్తుంది, రాత్రి చలికి సంకోచిస్తుంది. దాని మీద గట్టిపడిన రెట్ట ఉంటే ఆ ఆకారం అచ్చుపడిపోతుంది. పగటికీ రాత్రికీ తేడా ఎక్కువుండే ఈ నెలల్లో ఇది త్వరగా జరుగుతుంది. తడి గుడ్డను దాని మీద ఐదు నిమిషాలు వేసి ఉంచండి. మెత్తబడ్డాక చిటికెతో ఎత్తినట్టు ఎత్తేయండి, రుద్దొద్దు. ఇందుకోసమే ఒక చిన్న నీళ్ల సీసా, రెండు గుడ్డలు డోరు అరలో పెట్టుకోండి.

సిమెంటు దుమ్ము దీనికన్నా తొందరది. తాడిపత్రి, ఎర్రగుంట్ల దారుల్లో సిమెంటు లారీల వెనక వచ్చినవాళ్లకు, బేతంచెర్ల పాలిష్ బండల మిషన్ల పక్కన కారు నిలిపినవాళ్లకు తెలుసు, కారు బూడిద పూసినట్టవుతుంది. రాతిపొడి ఫర్వాలేదు, సిమెంటు మాత్రం మంచు తగిలితే గట్టిపడుతుంది. అలాంటి ప్రయాణం చేసిన రోజు ఎంత అలసిపోయినా పడుకునే ముందు ధారాళంగా నీళ్లు పోసేయండి. తుడవడానికి ఓపిక లేకపోతే మానేయండి, నీళ్లు మాత్రం పడాలి. అప్పటికే గట్టిపడి ఉంటే వంటింటి తెల్ల వెనిగర్‌ను అంతే నీళ్లలో కలిపి, నీడలో, ఒక్కో మచ్చ మీద తడిగుడ్డతో రెండు నిమిషాలు ఉంచి బాగా కడగండి. బోరు నీళ్ల తాజా మచ్చలకూ ఇదే మందు. ఆ చోట వ్యాక్స్ కూడా పోతుంది, మళ్లీ వేసుకోవాలి.

అయ్యప్ప మాల దినాల్లో శబరిమలకు, కార్తీకంలో శ్రీశైలానికి రాత్రి ప్రయాణాలు ఎక్కువ. తిరిగొచ్చేసరికి ముందు బంపర్ నిండా పురుగులు అతుక్కుని ఉంటాయి. షాంపూ నీళ్లలో ముంచిన గుడ్డను బంపర్ మీద పది నిమిషాలు పరిచి ఉంచి, ఆ తర్వాత కడగండి. గిన్నెల పీచు జోలికి పోవద్దు. కొత్త రోడ్డు తారు చుక్కలకు కొబ్బరినూనె రాసి కాసేపు ఆగితే కరిగి వస్తాయి, తర్వాత షాంపూతో జిడ్డు వదిలించండి. పెట్రోలు పోసి తుడిచేవాళ్లను చూశాను. అది రంగును దెబ్బతీస్తుంది.

పైన ఒక రక్షణ పొర

కొత్త కారుకు మూడు నెలలదాకా వ్యాక్స్ వేయకూడదని కొందరు చెబుతారు. ఆ నియమం డెంటింగ్, పెయింటింగ్ షాపులో మళ్లీ రంగు వేయించిన భాగాలకు. అక్కడ రంగు తక్కువ వేడిలో ఆరుతుంది కాబట్టి పూర్తిగా గట్టిపడటానికి వారాలు పడుతుంది. ఫ్యాక్టరీలో రంగును దాదాపు 140 డిగ్రీల వేడిలో కాలుస్తారు, కారు మీ దగ్గరికి వచ్చేసరికే అది గట్టిపడి ఉంటుంది. మొదటి వారంలోనే వ్యాక్స్ వేయొచ్చు.

వేసే ముందు కడిగి ఆరబెట్టిన బానెట్ మీద, చేతికి పల్చటి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని మెల్లగా నిమరండి. మామూలు వేళ్లకు తెలియని గరుకు అప్పుడు తెలుస్తుంది. రైలు పట్టాల దగ్గర ఉండేవాళ్లకు, గుంతకల్లు లాంటి చోట్ల, ఇనుప రజను రంగులో గుచ్చుకుని ఇలా గరుకుగా తగులుతుంది. తీయడానికి క్లే అనే ముద్ద దొరుకుతుంది, షాంపూ నీళ్లతో బాగా జారుడుగా చేసి తేలిగ్గా నడపాలి. నున్నగానే ఉంటే దాని అవసరం లేదు, ఊరికే వాడొద్దు.

వ్యాక్స్ వేరుశనగ గింజంత తీసుకుని ఒక్కో భాగానికి పల్చగా పట్టించండి. మందంగా పూస్తే తుడవడం కష్టం తప్ప లాభం లేదు. మబ్బు పట్టినట్టు తెల్లబడ్డాక శుభ్రమైన గుడ్డతో తీసేయండి. నల్ల ప్లాస్టిక్ భాగాలకు తగలనివ్వకండి, తెల్ల మరక పట్టుకుంటుంది. మన ఎండలకు ఒక జాతి తాటి ఆకుల మైనంతో చేసే మామూలు కార్నౌబా వ్యాక్స్ నెల, రెండు నెలలకు మించి నిలవదు. రసాయనాలతో చేసే సింథటిక్ సీలెంట్ అనే పూత నాలుగైదు నెలలు వస్తుంది, నేను దీపావళి తర్వాత ఒకసారి, ఉగాది ముందు ఒకసారి అదే వేస్తాను. నీళ్లు పోస్తే ముత్యాల్లా ఉండలు కట్టి జారుతున్నంతకాలం పొర ఉన్నట్టు, నీళ్లు పరుచుకుని నిలిచిపోతున్నాయంటే మళ్లీ వేసే సమయం వచ్చినట్టు.

రంగు మీద గట్టి పొరగా ఆరే సిరామిక్ కోటింగ్ అనే పూత చేయించాలా అని అందరూ అడుగుతారు. కారు రోజంతా ఎండలో నిలబడేదైతే, డబ్బుకు ఇబ్బంది లేకపోతే చేయించండి. మురికి త్వరగా వదులుతుంది, మెరుపు ఎక్కువకాలం నిలుస్తుంది. కానీ అది రాయి దెబ్బను ఆపదు, ఇసుక గుడ్డతో రుద్దితే దాని మీదా గీతలు పడతాయి, ఉప్పునీళ్ల మచ్చలు దాని మీదా వస్తాయి. కోటింగ్ ఉంది కదా అని కడిగే పద్ధతి మార్చినవాళ్ల కార్లు ఏడాది తిరిగేసరికి ఎలా ఉన్నాయో చూశాను. చలికాలంలో చేయిస్తే కనీసం మొదటి రాత్రి కారును షాపులోనే, కప్పు కింద ఉంచమనండి. పూర్తిగా గట్టిపడని పొర మీద మంచు చుక్కలు పడితే ఆ చుక్కల మచ్చలు అలాగే నిలిచిపోతాయి. ఇక నంబర్ 44 హైవే మీద రోజూ కంకర లారీల వెనక తిరిగేవాళ్లకైతే, ఆ డబ్బుతో బానెట్ ముందు భాగానికీ బంపర్‌కూ పీపీఎఫ్ అనే మందపాటి పారదర్శక ఫిల్మ్ వేయించుకోమంటాను. రాయి దెబ్బను తట్టుకునేది అదే.

కవరు గురించి, భోగి గురించి

కవరు దుమ్ము పట్టిన కారు మీద వేయొద్దు. గాలికి ఆ కవరు కొట్టుకుంటూ రాత్రంతా ఉప్పుకాగితంలా రుద్దుతుంది. అనంతపురం గాలి ఎలాంటిదో మనకు తెలుసు. కడిగి, పూర్తిగా ఆరిన కారు మీద, అదీ గాలి తగలని చోట అయితేనే వేయండి. మంచుకు తడిసిన కవరును పొద్దున్నే తీసి ఎండలో ఆరేయండి. తడిగా ఉన్నదాన్ని మడిచి డిక్కీలో పెడితే ముక్కిపోతుంది. షెడ్డు లేనివాళ్లు రోజూ కవరు వేసి తీసే బదులు, కారును ఉత్తినే వదిలేసి పద్ధతిగా కడుక్కోవడమే మంచిదని నా అభిప్రాయం.

భోగికి ముందు రోజు రాత్రి కారును వీధి చివర, మంటకు దూరంగా, మంట మీది గాలి కారు వైపు రాని చోట పెట్టండి. తెల్లవారుజామున నిప్పురవ్వలు ఎగిరి పడితే క్లియర్ కోట్ మీద చిన్న చిన్న గుంటలు పడతాయి. ఎంత దూరం పెట్టినా కాస్త బూడిద వచ్చి మంచు తడి మీద వాలుతుంది. తలంట్లు, పిండివంటల హడావిడిలో పిల్లలు గుడ్డ పట్టుకుని కారు తుడవడానికి బయల్దేరతారు. వాళ్ల చేతికి గుడ్డ బదులు మగ్గు ఇవ్వండి.